మధ్యమ పురుషలో స్త్రీ
కంప్యూటరు ఆటలూ, ‘ఆసక్తి’ అనే వాదమూ

1

కంప్యూటరు ఆటలతో సాహిత్య విమర్శకు పనేమిటి? ఈ ప్రశ్న ముందుగా మన మిత్రులే వేస్తారు. అవి బహుళజాతి కంపెనీలు అమ్ముకునే కాలక్షేపపు సరుకు, వాటికోసం పత్రికలో పేజీలు దండగ చేయటం ఎందుకన్నది ఒక అభ్యంతరం. స్త్రీలకు తిండి, కూలి, భద్రత వంటి సమస్యలు ఇన్ని వుండగా వాళ్లు ఆటలాడుతున్నారా లేదా అన్నది కూడా ఒక సమస్యేనా అన్నది రెండో అభ్యంతరం.

మొదటిది కొత్త మాట కాదు. సినిమాను గురించి ఒకప్పుడు మనవాళ్లు ఇదే అన్నారు. అంతకుముందు నవలను గురించి పండితులు ఇదే అన్నారు. కోట్లాది యువతీ యువకులు రోజూ ఏ కథల్లో మునిగి తేలుతున్నారో ఆ కథల్ని పరిశీలించకుండా ప్రజాసాహిత్యం గురించి మాట్లాడటం కుదరదు. ఈ ఆటల్లో పాత్రలున్నాయి, సంఘటనలున్నాయి, కథనం వుంది, దృక్కోణం వుంది, ముగింపు వుంది. చదివేవాడు కథలో చెయ్యి పెట్టి పని చేయవలసి రావటమే కొత్త సంగతి. ఒక రకంగా చూస్తే విమర్శకుడికి ఇది మరింత ఆసక్తి కలిగించవలసిన విషయం. పాత్రకు ఏ పని చేయటానికి అనుమతి వుందో, ఏ పనికి లేదో, ఏ పనికి మార్కులు పడతాయో ఇక్కడ లెక్క కట్టి మరీ చెప్పవచ్చు.

రెండో అభ్యంతరానికి జవాబుగానే ఈ వ్యాసం రాస్తున్నాను. ‘ఆడపిల్లలకు కంప్యూటర్ల మీదా, ఆటల మీదా సహజంగా ఆసక్తి వుండదు’ అన్న మాట ఉపాధ్యాయుల గదిలో విన్నాను, తల్లిదండ్రుల దగ్గర విన్నాను, బాగా చదువుకున్న ఇంజనీర్ల దగ్గరా విన్నాను. ‘సహజం’ అన్న మాట ఎక్కడ వినపడినా అభ్యుదయవాది కాస్త ఆగి ఆలోచించాలి. కులం సహజమన్నారు, వంటిల్లు సహజమన్నారు. ఆసక్తి గాలిలోంచి ఊడిపడేది కాదు. దానికి మూడు భౌతిక పరిస్థితులు కావాలి. తీరిక కావాలి. చేతికి పరికరం అందాలి. చేసిన పనికి తన పేరు వుండాలి. ఈ మూడూ ఎవరి చేతిలో వున్నాయో వాళ్లకే ఆసక్తి ‘సహజంగా’ కలుగుతుంది. ఈ మాటను సాహస కథల ఆటలు అనదగిన ఒక ప్రక్రియ చరిత్ర ఆధారంగా పరిశీలిద్దాం. ఈ చరిత్ర ఎక్కువభాగం అమెరికాలో నడిచింది కనుక ముందుగా అక్కడికే వెళ్లాలి.

2

ఈ ప్రక్రియకు మూలం కెంటకీ రాష్ట్రంలోని ఒక గుహ. మామత్ కేవ్ దాని పేరు. పక్కనున్న ఫ్లింట్ రిడ్జ్ గుహలకూ దీనికీ నేల లోపల దారి వుందా అని గుహాన్వేషకులు ఏళ్ల తరబడి వెతికారు. 1972 ఆగస్టులో మిగతావాళ్లు ఆగిపోయిన ఒక ఇరుకు సందులోకి పెట్రీషియా క్రౌదర్ అనే యువతి దూరి అవతలికి వెళ్లింది. అదే దారి వెంబడి పోయిన బృందం ఆ సెప్టెంబరు 9న రెండు గుహలూ కలిసే చోటు కనుక్కుంది. ఆ బృందంలో ఆమె కూడా వుంది. ఆమె, ఆమె భర్త విల్ క్రౌదర్ ఇద్దరూ కంప్యూటర్ల పని తెలిసినవాళ్లే. గుహల కొలతల్ని కంప్యూటరులోకి ఎక్కించి పటాలు గీయించే పని ఇద్దరూ కలిసి చేశారు.

తర్వాత వాళ్లు విడిపోయారు. 1975-76 ప్రాంతంలో విల్ క్రౌదర్ తన ఇద్దరు కూతుళ్లు ఆడుకోవటానికి పనికొస్తుందని ఒక ఆట రాశాడు. తాము కలిసి కొలిచిన గుహల్లోనే ఒక భాగం ఆ ఆటకు రంగస్థలమైంది. 1977లో స్టాన్‌ఫోర్డులో డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. ‘అడ్వెంచర్’ పేరుతో అది అమెరికాలో కంప్యూటర్లు వున్న చోటికల్లా పాకింది. ఈ తరహా ఆటలన్నిటికీ ఆ పేరే స్థిరపడింది.

ఒక స్త్రీ మోకాళ్ల మీద పాకి చూసిన గుహ. ఇద్దరు ఆడపిల్లల కోసం రాసిన ఆట. ఈ ప్రక్రియ పుట్టుక ఇది. ఆ తర్వాత పదేళ్లు తిరగకముందే ఇవి మగపిల్లల ఆటలని, ఆడపిల్లలకు వీటి మీద ఆసక్తి వుండదని లోకం ఎట్లా నమ్మగలిగింది? జవాబు చెప్పవలసిన ప్రశ్న ఇది.

ఆ మొదటి ఆటలో బొమ్మలు లేవు. తెర మీద అక్షరాలే. యంత్రం ఆడేవాళ్లను ‘నువ్వు’ అని సంబోధిస్తుంది. నువ్వు ఫలానా చోట వున్నావు, ఎదురుగా ఇది కనిపిస్తున్నది అంటుంది. ఆడేవాళ్లు ఒక క్రియ, ఒక నామవాచకం కలిపి రెండు మాటల్లో ఆజ్ఞ ఇవ్వాలి.

తెలుగు వ్యాకరణం పాఠం చెప్పేవాళ్లకు ఇక్కడ ఒక విషయం వెంటనే తట్టాలి. ‘నేను వచ్చాను’ అన్నప్పుడు ఆడా మగా తేడా తెలియదు. ‘నువ్వు వచ్చావు’ అన్నప్పుడూ తెలియదు. ప్రథమ పురుషలోకి రాగానే తేడా మొదలవుతుంది. ‘అతను వచ్చాడు’ అంటాం. ‘ఆమె వచ్చింది’ అంటాం. ‘బస్సు వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ అన్నప్పుడు వాడే క్రియే ఆమెకూ వాడతాం. అంటే మన వ్యాకరణంలో స్త్రీ ఏకవచనంలో అమహత్తులతో, అనగా పశువులతోనూ వస్తువులతోనూ కలిసి నడుస్తుంది. బహువచనంలో మాత్రం ‘వాళ్లు వచ్చారు’ అని మహత్తుల వరసలోకి వస్తుంది. ఒంటరిగా వుంటే వస్తువుల గుంపు, నలుగురితో కలిస్తే మనుషుల గుంపు. భాష స్వరూపాన్ని బట్టి సమాజ స్వరూపాన్ని నేరుగా ఊహించటం శాస్త్రీయం కాదు. ఆ పని నేను చేయటం లేదు. కథనం ఏ పురుషలో సాగుతున్నదన్నది స్త్రీకి ముఖ్యమైన ప్రశ్న అని మాత్రమే అంటున్నాను.

మన జానపద కథలు ప్రథమ పురుషలో సాగుతాయి. పాతాళభైరవి సినిమాలో గుహలోకి దిగేవాడు తోటరాముడు, రాకుమారి గెలుచుకోవలసిన ఫలం. బాలనాగమ్మ కథలో మాయల పకీరు చెరలో ఏళ్లకేళ్లు గడిపేది తల్లి. ఏడు సముద్రాలు దాటి చిలకను పట్టుకొచ్చేవాడు కొడుకు. సాహసం చేసేవాడు ఒకడు, సాహసం ఎవరి కోసమో ఆమె ఒకతె. ‘నువ్వు’ అని పిలిచే కథనంలో ఈ విభజన కొద్దిసేపు తెగిపోతుంది. గుహలోకి దిగేది ‘నువ్వు’. ఆ నువ్వు చీర కట్టుకున్నదా, పంట్లాం తొడుక్కున్నదా అని యంత్రం అడగదు. మధ్యమ పురుషలో స్త్రీకి దొరికిన ఈ చోటును చిన్నదిగా చూడకూడదు. దాన్ని వాడుకున్న ఒక స్త్రీ ఏం చేసిందో చూద్దాం.

3

1979లో కాలిఫోర్నియాలో రాబర్టా విలియమ్స్ అనే ఇద్దరు పిల్లల తల్లి ‘అడ్వెంచర్’ ఆడింది. భర్త ఆఫీసు పని కోసం ఇంటికి తెచ్చుకున్న టెలిటైపు యంత్రం మీద ఆడింది. ఆట ముగించాక ఇట్లాంటిది మరొకటి కావాలనిపించి, వంటింటి బల్ల మీద కాగితాలు పరుచుకుని తానే కథ అల్లింది. బొమ్మలు గీసింది. భర్త కెన్ ప్రోగ్రాము రాశాడు. 1980లో ‘మిస్టరీ హౌస్’ వెలువడింది. ఇంట్లో వాడే కంప్యూటరు మీద సాహస కథకు బొమ్మలు తోడయింది దానితోనే. ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి అమ్మిన ఆ ఆట మీద తర్వాత సియెర్రా అన్న పేరుతో పెద్ద కంపెనీ లేచింది.

ఈ సంఘటనలో వున్న పరిస్థితుల్ని విడదీసి చూడండి. యంత్రం ఇంట్లోకి వచ్చింది, అది భర్త ఉద్యోగం ద్వారా వచ్చింది. తీరిక వుంది, అది మధ్యతరగతి తీరిక. పేరు కూడా దక్కింది. ఆటల పెట్టెల మీద ఆమె పేరు అచ్చయింది. మూడు షరతులూ నెరవేరిన చోట ఒక గృహిణి ఆసక్తి ఒక పరిశ్రమ దారినే మార్చింది. స్త్రీకి సహజంగా ఆసక్తి వుండదన్న సిద్ధాంతం ఈ ఒక్క ఉదాహరణ దగ్గరే చిక్కుల్లో పడుతుంది.

1984లో ఆమె ‘కింగ్స్ క్వెస్ట్’ చేసింది. ఇందులో ఇంకో మార్పు వచ్చింది. ఆడేవాళ్లు నడిపించే పాత్ర తెర మీద కనపడుతుంది, నడుస్తుంది, ఎగురుతుంది. అక్షరాలు ఇంకా ‘నువ్వు’ అంటున్నా కళ్లముందున్నది ‘అతడు’. గ్రాహమ్ అనే వీరుడు. రూపం రాగానే లింగం వచ్చింది. శిల్పంలో వచ్చిన అభివృద్ధి వస్తువులో ఒక తలుపు మూసింది. శిల్పం తటస్థమైనదని ఇంకా నమ్మే సాహిత్య విద్యార్థులు ఈ ఉదాహరణను గుర్తు పెట్టుకోవాలి.

ఆ తలుపు మళ్లీ తెరిచిందీ రాబర్టానే. 1988లో వచ్చిన నాలుగో ఆటలో గ్రాహమ్ కూతురు రొసెల్లాను నాయికగా నిలబెట్టింది. తండ్రికి గుండెపోటు వస్తుంది. ఆయన ప్రాణం నిలిపే పండు కోసం కూతురు పరాయి దేశానికి బయలుదేరుతుంది. ఒక పగలూ ఒక రాత్రీ ఆమెకున్న గడువు. సమాధులు తవ్వుతుంది, తిమింగలం కడుపులోంచి బయటపడుతుంది, మంత్రగత్తెను చంపుతుంది. చివర్లో ఎడ్గర్ అనే యువకుడు పెళ్లాడమని అడిగితే మర్యాదగా కాదని చెప్పి ఇంటికి వస్తుంది. పెళ్లితో ముగియని రాకుమారి కథ 1988లో ఇంత పెద్ద మార్కెట్లోకి రావటం ముందడుగే. ఆ గౌరవం ఆమెకు ఇచ్చి తీరాలి.

అయితే విమర్శకుడి పని అక్కడితో ఆగదు. ఈ ఆటలో రొసెల్లా ఏడుగురు మరుగుజ్జుల ఇంట్లోకి వెళుతుంది. ఇల్లంతా చెత్తగా వుంటుంది. ఆమె ఇల్లు శుభ్రం చేస్తే మార్కులు పడతాయి. మరుగుజ్జులు వచ్చి సంతోషించి భోజనం పెడతారు. వాళ్లు మరచిపోయిన వజ్రాల సంచీని తిరిగి ఇవ్వబోతే, నువ్వే వుంచుకోమంటారు. ఆ వజ్రాలిస్తేనే జాలరి తన గేలం ఇస్తాడు. అంటే వీరగాథ ముందుకు కదలటానికి చీపురు పని కావాలి. మొదటి ఆటలో గ్రాహమ్ ఏ ఇల్లూ ఊడవలేదు. పోయిన మూడు నిధుల్ని తెచ్చాడు, రాజయ్యాడు. తండ్రి ఆటలో గెలుపంటే సింహాసనం. కూతురి ఆటలో గెలుపంటే తండ్రి ఆరోగ్యం.

ఇది రచయిత్రి వ్యక్తిగత లోపమని నేను అనను. స్త్రీ గడప దాటటానికి సమాజం మన్నించే కారణం ఒకటే వుంది, కుటుంబ సేవ. సావిత్రి యముడి వెంట నడిచినా భర్త కోసమే నడవాలి. ఈ కథాసూత్రం ఎంత గట్టిదో చూడాలంటే మనదేశానికి వద్దాం. 2020లో పుణెలోని కళాకారులు, ఇంజనీర్లు కలిసి ‘రాజీ’ అనే ఆట చేశారు. మన పురాణాల వాతావరణంలో నడిచే కథ. సర్కసు విద్యలు తెలిసిన పిల్ల నాయిక. అసురులు ఎత్తుకుపోయిన తమ్ముడిని వెతుక్కుంటూ బయలుదేరుతుంది. త్రిశూలం పట్టి పోరాడే భారతీయ బాలికను తెర మీద చూడటం సంతోషమే. కానీ రొసెల్లా తర్వాత 32 ఏళ్లకు కూడా ఆడపిల్ల బయలుదేరటానికి ఇంట్లో ఒక మగవాడు ఆపదలో పడవలసి వచ్చింది. ఊరికే గుహ లోపల ఏముందో చూద్దామని బయలుదేరే హక్కు, అనగా నిష్కారణమైన కుతూహలపు హక్కు, కథల్లో ఇంకా ఎక్కువగా మగవాడిదే. పెట్రీషియా క్రౌదర్ ఆ ఇరుకు సందులో దూరింది ఎవరి ప్రాణం కాపాడటానికీ కాదు. అవతల ఏముందో చూడటానికి. జీవితం 1972లో చేసిన పని కథకు ఇంకా కష్టంగా వుంది.

4

కథల్లో జరిగినదే ఉద్యోగాల్లోనూ, మార్కెట్లోనూ జరిగింది. ‘కంప్యూటర్’ అన్న ఇంగ్లీషు మాట యంత్రానికి రాకముందు లెక్కలు కట్టే మనిషికి పేరు. ఆ మనుషుల్లో చాలామంది స్త్రీలు. 1946లో ఎనియాక్ యంత్రాన్ని లోకానికి చూపించినప్పుడు దానికి లెక్క చేయటం నేర్పినవాళ్లు ఆరుగురు స్త్రీలు. ఆనాటి విందుకు వాళ్లను పిలవలేదు. ఫొటోల్లో వున్నారు కానీ పేర్లు లేవు. పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మరచిపోయిన ఇల్లాలిని మన పాఠకులు ఎరుగుదురు. ఆ ఇల్లాలు తానే మరచిపోయింది. ఈ ఆరుగురివీ లోకం మరచింది. రెండు మరపులూ ఒకే వ్యవస్థలో జరిగాయి.

యంత్రం తయారుచేయటం మగవాడి మేధ, దానికి ఆజ్ఞలు రాయటం గుమాస్తా పని అనుకున్నంత కాలం ఆ పని స్త్రీకి సహజమన్నారు. 1967లో ఒక అమెరికన్ స్త్రీల పత్రిక ఈ ఉద్యోగం మీద వ్యాసం వేస్తే, అందులో గ్రేస్ హాపర్ అనే శాస్త్రజ్ఞురాలు ప్రోగ్రాము రాయటాన్ని విందుకు ఏర్పాట్లు చేసుకోవటంతో పోల్చింది. ఆ పనికి జీతం, హోదా పెరిగినకొద్దీ అది లెక్కల బుర్ర వున్న మగవాడికి సహజమైపోయింది. పని మారలేదు, దాని ధర మారింది.

1980లలో కంప్యూటరు ఇంట్లోకి వచ్చింది. వచ్చి కొడుకు గదిలో కూర్చుంది. అమెరికాలో కంప్యూటరు శాస్త్రంలో పట్టా పొందినవారిలో స్త్రీలు 1984 ప్రాంతంలో సుమారు 37 శాతం. ఆ తర్వాత పాతికేళ్లకు అది దాదాపు 18 శాతానికి పడిపోయింది. వైద్యంలో, న్యాయశాస్త్రంలో స్త్రీల సంఖ్య పెరుగుతున్న కాలంలోనే ఇక్కడ తగ్గింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జేన్ మార్గోలిస్, ఆలన్ ఫిషర్ దీన్ని పరిశీలించి 2002లో ఒక పుస్తకం రాశారు. ఇంట్లో యంత్రం అబ్బాయిదిగా మారటం, అమ్మాయి వెనక నిలబడి చూడటం, కాలేజీకి వచ్చేసరికి ఆ అనుభవమే ప్రతిభగా లెక్కకు రావటం వాళ్లు విద్యార్థుల మాటల్లోనే చూపించారు. అక్కడ ప్రవేశానికి ముందస్తు ప్రోగ్రామింగ్ అనుభవం తప్పనిసరి కాదన్నారు, బోధన మార్చారు. 1995లో 7 శాతంగా వున్న విద్యార్థినుల ప్రవేశం 2000 నాటికి 42 శాతమైంది. అయిదేళ్లలో స్త్రీల స్వభావం మారిందని ఎవరూ అనరు కదా!

ఆటల పరిశ్రమ కథ కూడా ఇదే. 1981లో అటారీ కంపెనీ తెచ్చిన ‘సెంటిపీడ్’ ఆట రూపకల్పనలో డోనా బెయిలీ వుంది. ఆట స్థలాల్లో స్త్రీలను బాగా ఆకర్షించిన ఆటగా దానికి పేరు. 1982లో ‘రివర్ రెయిడ్’ చేసింది కెరోల్ షా. అది విమానంతో యుద్ధం చేసే ఆట. అంతకుముందు ఆమె అటారీలో పనిచేసేటప్పుడు, ఆడమనిషి దొరికింది గనుక ఇక రంగుల పొందిక, ఇంటి అలంకరణ వంటి ఆటలు చేయించవచ్చునని కంపెనీ అధ్యక్షుడు అన్నట్టు ఆమె తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది.

ఆమె ఆ ఆటలు చేయలేదు కానీ ఆ ఊహ చావలేదు. 1996లో మటెల్ కంపెనీ బార్బీ బొమ్మకు కంప్యూటరులో బట్టలు కుట్టే ఆటను విడుదల చేసింది. మొదటి రెండు నెలల్లోనే అయిదు లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఆడపిల్లలకు ఆసక్తి లేదన్న వ్యాపారులే ఆడపిల్లల మార్కెట్ దొరికిందని కేకలు వేశారు. ఇదే సమయంలో బ్రెండా లారెల్ అనే పరిశోధకురాలు వేయిమందికి పైగా పిల్లలతో మాట్లాడి, వాళ్ల స్నేహాలు, బడి భయాలు వస్తువుగా ‘పర్పుల్ మూన్’ సంస్థ ద్వారా 1997 నుంచి ఆటలు తెచ్చింది. బార్బీతో పోలిస్తే ఇది మానవీయమైన ప్రయత్నం. ఆడపిల్లలకు వేరే ఆటలు, వేరే లోకం అన్న గీత మాత్రం ఇక్కడా చెరగలేదు. 1999లో ఆ సంస్థ మూతపడింది. దాన్ని మటెల్ కొనుక్కుంది. మార్కెట్ స్త్రీని గుర్తించటానికీ, స్త్రీ విముక్తికీ మధ్య ఎంత దూరం వుందో ఆ ఒక్క కొనుగోలులో కనిపిస్తుంది.

5

ఇంతవరకు చెప్పినది మధ్యతరగతి స్త్రీ గురించి. ఆ యంత్రాన్ని కూర్చిన స్త్రీని వదిలేస్తే ఈ విశ్లేషణ సగమే. 1965 నుంచి 1975 వరకు ఫెయిర్‌చైల్డ్ కంపెనీ న్యూమెక్సికోలోని షిప్‌రాక్‌లో, నవాహో ఆదివాసీల భూమి మీద, ఎలక్ట్రానిక్ చిప్పుల కర్మాగారం నడిపింది. కార్మికుల్లో అత్యధికులు నవాహో స్త్రీలు. వాళ్ల తివాచీల నేతను, చిప్పు మీది గీతలను పక్కపక్కన అచ్చువేసి, ఈ పని వాళ్ల రక్తంలోనే వుందన్నట్టు కంపెనీ తన ప్రచార పుస్తకంలో చెప్పుకుంది. లీసా నకమురా 2014లో రాసిన వ్యాసంలో దీన్ని వివరంగా పరిశీలించింది. 1975లో కార్మికుల తొలగింపుల తర్వాత అమెరికన్ ఇండియన్ ఉద్యమకారులు ఫ్యాక్టరీని ఆక్రమించారు. కంపెనీ దాన్ని మూసేసి వెళ్లిపోయింది.

ఇక్కడ ‘సహజం’ అన్న మాట మళ్లీ వచ్చింది. ప్రోగ్రాము రాయటం మగవాడికి సహజం, తీగలు అతకటం ఆదివాసీ స్త్రీకి సహజం. శ్రమకు తక్కువ ఇవ్వదలచినప్పుడు నైపుణ్యాన్ని స్వభావమని పిలవటం పెట్టుబడికి పాత అలవాటు. స్వభావానికి జీతం ఇవ్వనక్కరలేదు కదా.

6

మన దగ్గరి పరిస్థితి ‘సహజ’వాదాన్ని ఇంకోవైపు నుంచి కొడుతుంది. రోలీ వర్మ అనే సామాజిక పరిశోధకురాలు భారతీయ విద్యార్థినులతో జరిపిన అధ్యయనాల్లో, కంప్యూటరు చదువు స్త్రీలకు బాగా నప్పుతుందన్న అభిప్రాయం కనిపించింది. ఎండలో తిరిగే పని కాదు, ఆఫీసు లోపల కూర్చుని చేసేది, మర్యాదైనది. అమెరికాలో స్త్రీకి నప్పదన్న పనే ఇక్కడ నప్పుతుంది. హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీల బస్సులు ఎక్కే మన అమ్మాయిల్ని చూస్తే ఇది తెలుస్తూనే వుంది. ఒకే యంత్రం, ఒకే పని, రెండు దేశాల్లో రెండు ‘స్వభావాలు’. అయితే మన అంగీకారాన్ని చూసి మురిసిపోనక్కరలేదు. నాలుగు గోడల మధ్య వుంటుందనే ఆ పనికి ఒప్పుకున్నాం.

అందుకే మన దగ్గర ఉద్యోగానికి కంప్యూటరు సరేగాని ఆటకు కాదు. జీతం తెచ్చే ఆసక్తి మంచిది, ఊరికే కలిగే ఆసక్తి చెడ్డది. కేంద్ర ప్రభుత్వం 2019లో జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 2024 సర్వేలో అవి 289, 88 నిమిషాలు. అయిదేళ్లలో స్త్రీకి మిగిలింది పది నిమిషాలు, పురుషుడికి తొమ్మిది నిమిషాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇంటర్నెట్‌ను ఎప్పుడైనా వాడిన స్త్రీలు దేశంలో 33.3 శాతం, పురుషులు 57.1 శాతం. ఆంధ్రప్రదేశ్ స్త్రీలు 21 శాతం, తెలంగాణ స్త్రీలు 26.5 శాతం. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి నిజమే. కానీ ఇంట్లో వున్న ఒక్క ఫోను ఎవరి జేబులో వుంటుందన్న ప్రశ్న అట్లాగే వుంది.

తరగతి గదిలో నేను ఏళ్లుగా చూస్తున్నది కూడా ఇదే. అయిదుగురికి ఒక యంత్రం వున్నచోట మౌసు అబ్బాయి చేతిలో వుంటుంది. అమ్మాయి పక్కన నిలబడి రికార్డు పుస్తకంలో చక్కని అక్షరాలతో రాసుకుంటుంది. పరీక్షలో ఆమెకే ఎక్కువ మార్కులు వస్తాయి. యంత్రం మాత్రం అతనికి వస్తుంది. అమ్మాయిలకు విడిగా గంట కేటాయించి చూస్తే, గంట కొట్టినా లేవకుండా యంత్రాల ముందే కూర్చున్నారు. తమ వంతు దాటిందని బయట అబ్బాయిలు తలుపు కొట్టవలసి వచ్చింది.

మన కథకులు ఈ స్థితిని పట్టుకున్నారా అంటే తృప్తిగా జవాబు చెప్పలేను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగినులు మన కథల్లోకి వచ్చి చాలాకాలమైంది. వాళ్ల రాత్రి ప్రయాణాలు, విదేశీ సంబంధాలు, విడాకులు, అత్తమామలతో పేచీలు వచ్చాయి. వాళ్ల పని మాత్రం అరుదుగా వచ్చింది. చిక్కుపడ్డ ప్రోగ్రాములో తప్పు దొరికిన క్షణంలో ఆమెకు కలిగే ఆనందం కథావస్తువు కాలేదు. పొలంలో నాటు వేసే స్త్రీ శ్రమను వేళ్ల కదలికతో సహా వర్ణించిన సంప్రదాయం మనది. అదే శ్రద్ధ ఈ కొత్త శ్రమకు చూపటం లేదు. ఇక ఆట సంగతి చెప్పనక్కరలేదు. ఫోనులో ఆట ఆడే అమ్మాయి మన కథల్లో కనిపిస్తే సోమరి గానో, దారి తప్పినది గానో కనిపిస్తుంది. ఆమెకు తీరిక కావాలనుకోవటం తప్పుగా కనిపించినంత కాలం మన అభ్యుదయం కూడా గడప లోపలిదే.

7

ఈ రంగంలో విమర్శకున్న విలువ ఏమిటో చెప్పటానికి ఒక సంఘటన చాలు. అనీటా సర్కీసియన్ 2013 నుంచి కంప్యూటరు ఆటల్లో స్త్రీ పాత్రల చిత్రణ మీద వీడియో వ్యాసాలు చేసింది. రక్షించబడవలసిన అబల అనే పాత్ర ఎన్ని ఆటల్లో ఎట్లా తిరిగి తిరిగి వస్తున్నదో ఉదాహరణలతో చూపింది. బాలనాగమ్మ కథ మీద మన విద్యార్థులు రాసే వ్యాసం వంటిదే అది. 2014 అక్టోబరులో యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఆమె మాట్లాడవలసి వుంటే, సభలో కాల్పులు జరుపుతామని బెదిరింపు వచ్చింది. ఆమె ఆ ప్రసంగం రద్దు చేసుకోవలసి వచ్చింది. ఆ ఏడాది ఆటలు తయారుచేసే మరికొందరు స్త్రీలు కూడా ఇళ్లు వదిలి వెళ్లవలసినంత వేధింపుకు గురయ్యారు.

ఒట్టి కాలక్షేపమైతే దాని మీద రాసిన విమర్శకు తుపాకి ఎందుకు చూపిస్తారు? ఆ గుహ తమ సొంత ఆస్తి అని నమ్మినవాళ్లకు, దాన్ని పాకి చూసినవాళ్లలో ఒక స్త్రీ వుందన్న చరిత్ర కూడా బెదిరింపుగానే తోస్తుంది. ఈ ఆటలతో మనకు పనేమిటని అడిగే మిత్రులు ఈ సంగతి ఆలోచించాలి.

రచయితలకు నా విజ్ఞప్తి ఒకటే. కొత్త యంత్రం ముందు కూర్చున్న స్త్రీని చూసినప్పుడు ఆమె చెడిపోతున్నదా, బాగుపడుతున్నదా అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఆ యంత్రం ఆమె చేతికి ఎట్లా వచ్చింది, దాని ముందు కూర్చున్న ఆ అరగంట ఎవరి పనిలోంచి మిగుల్చుకున్నది, చేసిన పని మీద ఎవరి పేరు పడుతున్నది అని అడగండి. పాత్ర స్వభావం ఈ మూడింటిలోంచి పుడుతుంది. సాహిత్య విద్యార్థులు నవలకు వాడే పనిముట్లతోనే ఈ ఆటల్ని కూడా పరిశీలించాలి. ఆజ్ఞ ఇచ్చేది ఎవరు, మార్కులు ఏ పనికి పడుతున్నాయి, గెలుపంటే ఏమిటి అన్న ప్రశ్నలతో మొదలుపెట్టవచ్చు. తెలుగులో ఇట్లాంటి పరిశీలన ఇంకా జరగవలసే వుంది. అది చేసేవాళ్లలో అమ్మాయిలు ఎక్కువమంది వుండాలని, తండ్రి కోసమో తమ్ముడి కోసమో కాకుండా లోపల ఏముందో చూద్దామనే వాళ్లు ఈ గుహలోకి దిగాలని కోరుకుంటున్నాను.